పంపడం మానకండి, తగ్గించండి

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు సైకాలజీ, సోషియాలజీ చెబుతాను. సిలబస్ దాటి వాళ్లు ఇంకేదైనా చదవాలన్న ఆశతో ఏడాదిగా ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. పరిశోధన వ్యాసాలు, స్కాన్ చేసిన పుస్తకాలు, ఉపన్యాసాల వీడియోలు, ఏవి దొరికితే అవి పంపుతాను. మొదట్లో ఉత్సాహంగా స్పందించేవారు, ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు. ఈ మధ్య డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి పెట్టాను. ఆ రాత్రే ఒక విద్యార్థిని తనకు 17 వచ్చిందని గ్రూపులోనే రాసి, ‘మేడమ్, నాకు జబ్బు ఉన్నట్టా?’ అని అడిగింది. ఏమి చెప్పాలో తోచక ఊరుకున్నాను. మరోపక్క, పుస్తకాలు అలా పంచడం చట్టవిరుద్ధమని సహోద్యోగి ఒకరు హెచ్చరిస్తున్నారు. ఇంకో విద్యార్థి తన ప్రాజెక్టు సర్వేను గ్రూపులో పెట్టమంటున్నాడు. ఇవన్నీ మానేసి నా పాఠమేదో నేను చెప్పుకుంటే సరిపోతుందా?
– ఒక లెక్చరర్

సమాధానం: మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి. వాటిలో ఒకటి మాత్రం వరసలో నిలబడి ఆగేది కాదు. ఆ అమ్మాయికి మీరు ఇంకా జవాబు ఇవ్వకపోతే, చదవడం ఇక్కడే ఆపి ఆమెకు ఫోన్ చేయండి. గ్రూపులో కాదు, విడిగా. ‘నువ్వు రాసింది చూశానమ్మా, ఎలా ఉన్నావు?’ అంటే చాలు, మాట అక్కడి నుంచి సాగుతుంది. రోజులు గడిచిపోయాయి, ఇప్పుడేమని అడగను అని సంకోచించకండి. అందరి ముందూ అంత మాట రాసిందంటే, ఎవరైనా తనను పలకరించాలని ఎదురుచూస్తూ ఉండవచ్చు.

మాట్లాడే ముందు ఆ ప్రశ్నావళి ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో మీకు స్పష్టంగా ఉండాలి. అందులో తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా కలిగిందో సున్నా నుంచి మూడు వరకు గుర్తించాలి. మొత్తం 27. పది లేదా అంతకు మించి వస్తే వివరంగా పరీక్షించి చూడాలన్నది వైద్యులు సాధారణంగా పాటించే హద్దు. ఎవరితో కూర్చుని మాట్లాడాలో వడపోసి చూపడం దాని పని, జబ్బును నిర్ధారించడం కాదు. థైరాయిడ్ సమస్య ఉన్నా, నిద్ర కరవైనా, ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నా ఆ సంఖ్య పెరగవచ్చు. అందుకే ‘నీకు డిప్రెషన్ ఉంది’ అని మీరు అనకూడదు. అలాగని ‘అదేమీ కాదులే, పరీక్షల ఒత్తిడి’ అని కొట్టిపారేయనూ కూడదు, ఎందుకంటే 17 చిన్న సంఖ్య కాదు. మీరు నిజాయతీగా చెప్పగలిగింది ఇదీ: ‘ఈ సంఖ్యను బట్టి జబ్బు ఉందో లేదో తేలదు. నిపుణులను కలవాలని మాత్రం తెలుస్తోంది. కావాలంటే నేను తోడు వస్తాను.’

తొమ్మిదో ప్రశ్న గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చనిపోతే బాగుండునని గానీ, తనను తాను గాయపరచుకోవాలని గానీ అనిపించిందా అని అడిగే ప్రశ్న అది. దానికి ఆమె ఏమి గుర్తించిందో 17 అన్న మొత్తంలో కనిపించదు. కాబట్టి నెమ్మదిగా, నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచనను మనమే పుట్టిస్తామేమోనని చాలామంది ఉపాధ్యాయులు భయపడతారు. పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. ఆమె అవునంటే ఒంటరిగా వదలకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికో, అత్యవసర సహాయానికో చేర్చండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి.

తర్వాత ఆమెతో చెప్పి, ఆ స్కోరు ఉన్న సందేశాన్ని గ్రూపులోంచి తీసేయండి. అక్కడితో ఆగకుండా అందరికీ నాలుగు మాటలు రాయండి: ఆ ప్రశ్నావళిని అలా పంపి ఉండకూడదని, అది జబ్బును తేల్చే పరీక్ష కాదని, పూరించి కలవరపడినవాళ్లు ఎవరైనా ఉంటే మీతో విడిగా మాట్లాడవచ్చని, కాలేజీ కౌన్సెలర్ ఉంటే వారిని ఎలా కలవాలో. అడిగింది ఒక్కరే. మౌనంగా పూరించి, సంఖ్య చూసుకుని, ఫోను పక్కన పెట్టేసినవాళ్లు ఇంకెందరున్నారో మీకు తెలియదు.

ఇకమీదట ఇలాంటి ప్రశ్నావళులు గ్రూపుకు వద్దు. వాటిని నేర్పాలంటే తరగతిలోనే, ఒక కల్పిత వ్యక్తి పూరించినట్టుగా మీరే తయారుచేసిన కాగితం మీద నేర్పండి. తెలివితేటల పరీక్షలు, మరకలో ఏమి కనిపిస్తోందో అడిగే రోర్షాక్ సిరామరకల పటాల వంటివాటి విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 2009లో రోర్షాక్ పటాలు పదీ వికీపీడియాలో కనిపించినప్పుడు సైకాలజిస్టులు ఎందుకంత ఆందోళన చెందారో మీకు తెలిసే ఉంటుంది. పటాలనూ వాటికి వచ్చే జవాబులనూ ముందే చూసినవారి మీద ఆ పరీక్ష సరిగా పనిచేయదని వారి భయం. రేపు నిజంగా ఆ పరీక్ష అవసరమయ్యే రోగికి మనం ఇవాళ సరదాగా పంపిన ఫైలు అన్యాయం చేస్తుంది.

పిల్లలకు వ్యక్తిత్వ పరీక్షల మీద ఉన్న ఆసక్తిని మాత్రం వదులుకోకండి. దానికి చక్కని దారి ఉంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, కొన్నాళ్లకు ఒక్కొక్కరికీ ‘నీ వ్యక్తిత్వ వివరణ’ అంటూ కాగితం ఇచ్చారు. అది తమకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకటే వివరణ, ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకున్న వాక్యాలు. దీన్ని మీ తరగతిలో చేసి, వెంటనే అసలు సంగతి విప్పి చెప్పండి. ఆన్‌లైన్‌లో ‘మీరు ఎలాంటివారు’ అని చెప్పే పరీక్షల మీద ఎన్ని వ్యాసాలు పంపినా ఆ ఒక్క గంట నేర్పినంత నేర్పవు.

ఇక గ్రూపులో నిశ్శబ్దం. దానికి కారణం మీ ఉత్తరంలోనే, ‘ఏవి దొరికితే అవి’ అన్న మాటలో ఉంది. పిల్లలకు ఆసక్తి లేకపోవడం కాదు. వచ్చిన పది ఫైళ్లలో ఏది ముందు చదవాలో, ఎందుకు చదవాలో, ఎంతవరకు చదవాలో వాళ్లకు తెలియదు. మీకు అది తెలుసు, ఎందుకంటే ఆ రంగం మీకు తెలుసు. ఆ తెలిసినదాన్ని పంపకుండా ఫైలు మాత్రమే పంపుతున్నారు. ఫైలు వెతుక్కోవడం వాళ్లకూ వచ్చు. వాళ్ల చేతిలో లేనిది మీ ఎంపిక.

కాబట్టి వారానికి ఒక్కటి చాలు. దానితో పాటు మీ మాటల్లో, వాళ్లు రోజూ మాట్లాడే భాషలో అయిదారు వాక్యాలు రాయండి: ఇది ఎందుకు పంపుతున్నాను, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు చదవాలి, ఏది అర్థం కాకపోయినా ఫరవాలేదు, చదివాక ఏ ప్రశ్నకు జవాబు వెతకాలి. జవాబు వ్యాసం చూడకుండా రాయమనండి. ఇది నా చాదస్తం కాదు. రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు రెండోసారి చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత తారుమారైంది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం జ్ఞాపకం ఉంటే, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే మిగిలింది. మీరు చెప్పే శాస్త్రమే మీ గ్రూపును ఎలా నడపాలో చెబుతోంది, దాన్ని వాడుకోండి.

వారానికి ఒక్కటంటే తక్కువనిపిస్తుంది. ఒక్కో ఉదంతాన్ని మూడు నాలుగు వారాలు సాగదీస్తే ఏమవుతుందో చూడండి.

మొదటి వారం: 1964 మార్చిలో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతి హత్య. 38 మంది చూస్తూ ఉండిపోయారని, ఎవరూ కదలలేదని పత్రిక రాసింది. ఆ కథనాన్ని పంపి ఒకటే అడగండి: ‘వాళ్లెందుకు కదలలేదని మీ అభిప్రాయం?’ పట్టణ జీవితమని, మానవత్వం పోయిందని రకరకాలుగా రాస్తారు. రాయనివ్వండి, దిద్దకండి.

రెండో వారం: ఆ వార్త చూసి డార్లీ, లటానే చేసిన ప్రయోగం, 1968. ఇంటర్‌కామ్‌లో మాట్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది అది ముగిసేలోగా సహాయం కోసం కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నప్పుడు 31 శాతమే కదిలారు. మనుషులు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న వాదన పక్కకు పోయి, పరిస్థితి ఎలాంటిదన్న ప్రశ్న ముందుకొస్తుంది.

మూడో వారం వాళ్లు కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. ఆ 38 మంది కథనమే సరైనది కాదు. 2007లో మానింగ్, లెవీన్, కాలిన్స్ అనే పరిశోధకులు కోర్టు రికార్డులు చూసి, అంతమంది హత్యను చూస్తూ నిలబడ్డారనడానికి ఆధారం లేదని రాశారు. 2016లో హంతకుడు చనిపోయినప్పుడు ఆ పత్రిక తానే, 38 మందీ అంతా తెలిసి చలించలేదన్న చిత్రణ తప్పని ఒప్పుకుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న: ‘వార్త తప్పయితే ప్రయోగం కూడా తప్పవుతుందా?’ తరగతి రెండుగా చీలుతుంది. చీలనివ్వండి. ప్రయోగాన్ని పుట్టించింది వార్తే కానీ, దాని ఫలితం ఆ వార్త మీద ఆధారపడి లేదని ఎవరో ఒకరు పట్టుకునేదాకా మీరు కలగజేసుకోకండి.

నాలుగో వారం: బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లో నిఘా కెమెరాలకు చిక్కిన 219 వీధి తగాదాలను ఫిల్పాట్ బృందం పరిశీలించిన పత్రం. పదింట తొమ్మిది సందర్భాల్లో కనీసం ఒకరు అడ్డుపడ్డారు. చుట్టూ ఉన్నవాళ్లు పెరిగినకొద్దీ ఎవరో ఒకరు కలగజేసుకునే అవకాశమూ పెరిగింది. మరి 1968 ప్రయోగంతో ఇది ఎలా పొసగుతుంది? ఒక్కో మనిషి కదిలే అవకాశం తగ్గినా, గుంపులో ఎవరో ఒకరు కదిలే అవకాశం పెరగవచ్చు. గదిలో ఒంటరిగా కూర్చుని గొంతు వినడం వేరు, వీధిలో ఒకరి ముఖాలొకరు చూసుకోవడం వేరు. ఈ తేడాను తమంతట తాము కనిపెట్టిన విద్యార్థి దాన్ని మరిచిపోవడం కష్టం.

నాలుగు వారాల్లో మీరు పంపింది నాలుగే. పాత పద్ధతిలో ఇవి ఒకే సాయంత్రం, ఒకదాని కింద ఒకటి వెళ్లిపోయేవి.

ఇలా చేయమనడానికి ఇంకో కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. పాఠ్యపుస్తకాల్లో, వీడియోల్లో తిరుగుతున్న ప్రసిద్ధ ప్రయోగాలు కొన్ని ఇవాళ పాత రూపంలో నిలబడటం లేదు. కొందరు యువకులను ఖైదీలుగా, కొందరిని గార్డులుగా పెట్టి ఉత్తుత్తి జైలు నడిపిన 1971 స్టాన్‌ఫర్డ్ ప్రయోగాన్నే తీసుకోండి. రెండు వారాలు అనుకున్నది ఆరు రోజుల్లో ఆపేశారని, మామూలు యువకులకు గార్డు దుస్తులు వేస్తే క్రూరులైపోయారని అందరూ చెబుతారు. అయితే గార్డులకు ముందే సూచనలు అందాయని థిబో ల టెక్సియే అనే పరిశోధకుడు పాత దస్తావేజులు తవ్వి చూపారు. వార్డెన్ పాత్రలో ఉన్న సహాయకుడు ఒక గార్డును ఇంకా కఠినంగా ఉండమని ఒత్తిడి చేస్తున్న ధ్వనిముద్రణ కూడా ఉంది. మిఠాయి ముందు పెట్టి ఆగమన్న పరీక్ష కూడా అంతే. చిన్నప్పుడు ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణిస్తారని దాన్నిబట్టి చెప్పేవారు. 2018లో 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ చూస్తే, కుటుంబ నేపథ్యం వంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు పలచబడింది. విద్యార్థులు ‘చూసి నేర్చేవాళ్లు’, ‘విని నేర్చేవాళ్లు’ అని రెండు రకాలనీ, ఆ రకాన్ని బట్టే బోధించాలనీ చెప్పే వీడియోలు మీ గ్రూపులో ఉంటే దయచేసి తీసేయండి. అలా బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే సమీక్షకులు తేల్చారు. 2015లో పరిశోధకుల బృందం ఒకటి 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, దాదాపు 36 శాతంలోనే మొదటి ఫలితం నిలిచింది.

ఇవి చెబితే పిల్లలకు శాస్త్రం మీద నమ్మకం పోతుందని మీకు అనిపించవచ్చు. దీనితో నేను ఏకీభవించను. తమ రంగం పొరపాట్లను తామే వెతికి, బయటపెట్టి, దిద్దుకున్నారు ఈ పరిశోధకులు. పిల్లలు నమ్మవలసింది ఆ అలవాటును. పంపే ప్రతిదాని గురించీ మీరు ముందుగా మూడు సంగతులు చూసుకుంటే చాలు: ఎంతమందిని పరిశీలించారు, ఎలాంటివాళ్లను పరిశీలించారు, తర్వాత ఇంకెవరైనా చేసి చూశారా. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మనిషి మనసు గురించి చెప్పిన ఎన్నో మాటలకు ఆధారం సంపన్న పాశ్చాత్య దేశాల కాలేజీ విద్యార్థులేనని హెన్రిక్, హైనే, నోరెన్‌జయాన్ 2010లో గట్టిగా గుర్తుచేశారు. ‘ఈ ఫలితం మనవాళ్లకూ వర్తిస్తుందా, ఎలా తెలుసుకుంటాం?’ అన్నది ఏ వ్యాసానికైనా సరిపోయే ప్రశ్న.

మీ సహోద్యోగి హెచ్చరిక సబబైనదే. బోధన కోసం ఎంత భాగం వాడుకోవచ్చన్నది ఒక్కో దేశ చట్టంలో ఒక్కోలా ఉంటుంది కానీ, పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి గ్రూపులో పెట్టడాన్ని సమర్థించుకోవడం ఎక్కడైనా కష్టమే. వాటిని తీసేయండి. ఫైలు బదులు అసలు చోటికి లింకు పంపడం అలవాటు చేసుకోండి. డబ్బు కడితేగానీ తెరుచుకోని వ్యాసమైతే, రచయిత తన ప్రతిని విశ్వవిద్యాలయం సైటులోనో, సొంత పేజీలోనో ఉచితంగా పెట్టారేమో చూడండి. లేకపోతే మెయిలు రాయండి. తమ వ్యాసం చదువుతామంటే సంతోషించే పరిశోధకులే ఎక్కువ. మీ కాలేజీ లైబ్రేరియన్‌ను అడగడం కూడా మరవకండి. చందా కట్టి ఎవరూ తెరవని పత్రికలు వారి దగ్గర ఉండవచ్చు.

చట్టబద్ధంగా ఉచితమైనవి సిలబస్‌కు సరిపడా ఉన్నాయి. రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో సైకాలజీ, సోషియాలజీ రెండింటికీ పూర్తి పాఠ్యపుస్తకాలున్నాయి. నోబా అనే ఉచిత సైటు అయితే సైకాలజీని చిన్న చిన్న భాగాలుగా ఇస్తుంది, వారానికి ఒక్కటి పంపే మీ పద్ధతికి బాగా పనికొస్తుంది. ఎవరైనా ఉచితంగా చదవగల ఓపెన్ యాక్సెస్ పత్రికల కోసం డీఓఏజే అనే సూచిక ఉంది. సైఆర్కైవ్, సోక్ఆర్కైవ్ అనే సైట్లలో కొత్త పరిశోధనలు దొరుకుతాయి కానీ, వాటిలో చాలావాటిని ఇంకా ఎవరూ సమీక్షించి ఉండరు, ఆ మాట రాసి మరీ పంపండి. సోషియాలజీ పిల్లలకైతే వ్యాసాలకన్నా వరల్డ్ వాల్యూస్ సర్వే ఎక్కువ నచ్చుతుంది. 1981 నుంచి ఎన్నో దేశాల్లో జనం విలువలు, నమ్మకాల గురించి అడిగి సేకరించిన సమాచారం అది. ‘మనుషుల్ని సాధారణంగా నమ్మవచ్చా?’ అన్న ఒక్క ప్రశ్నకు రెండు దేశాల జవాబులు పక్కపక్కన పెట్టి చూడమనండి, ఆ తేడా ఎందుకో వాళ్లే వాదించుకుంటారు.

కొన్ని షరతులతో అందరూ వాడుకోవచ్చని రచయిత ముందే అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏదైనా చేయవచ్చని కాదు. రచయిత పేరు చెప్పడం దాదాపు ప్రతిదానిలోనూ తప్పనిసరి. ఎన్‌డీ (మార్చి పంచకూడదు) అన్న గుర్తు ఉంటే దాన్ని అనువదించి పంచడానికీ వీల్లేదు. మీ మాటల్లో సారాంశం రాసి లింకు ఇవ్వడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, మీ పిల్లలకు కావలసిందీ అదే.

చివరిగా ఆ అబ్బాయి సర్వే. పెట్టవచ్చు, కానీ మీరు పెట్టకండి. మార్కులు వేసే చేత్తో వచ్చిన ప్రశ్నావళిని కాదనే ధైర్యం విద్యార్థికి ఉండదు, ఇష్టం లేకపోయినా నింపుతాడు. కాలేజీలో పరిశోధన నైతికతను చూసే కమిటీ ఉంటే ముందు వారికి చూపించమనండి. ఆ తర్వాత అతన్నే పెట్టమనండి. పేరు, ఫోను నంబరు, రోల్ నంబరు అడగవద్దు. ఇది దేనికోసం, జవాబులు ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. నచ్చకపోతే మధ్యలో మానేయవచ్చనీ, మానేస్తే ఎవరికీ తెలియదనీ కూడా రాయాలి. ప్రశ్నల్లో మానసిక ఆరోగ్యానికి సంబంధించినవి ఉంటే, ఆ ప్రాజెక్టు అంశమే మార్చుకోమని చెప్పండి. కౌన్సెలర్ పర్యవేక్షణ లేకుండా డిగ్రీ విద్యార్థి తలకెత్తుకోవలసిన బాధ్యత కాదది.